కొత్త బోర్డు కింద పాత పేరూ ఉండనివ్వండి: హైదరాబాద్ వీధులకు పేర్లు పెట్టే పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, ప్రజాప్రతినిధులకు,

నమస్కారం. హైదరాబాద్, సికింద్రాబాద్ వీధులకు పేర్లు ఖరారు చేసేవారికీ, ఆ పేర్లను బోర్డుల మీద రాయించేవారికీ, వీధిలో నాటకం ఆడుకోవడానికి అనుమతి ఇచ్చేవారికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. మీ శాఖలు వేరైనా మా సమస్య ముడి మూడు చోట్లా ఉంది. విడివిడిగా పెట్టుకున్న అర్జీలకు పది నెలలైనా జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను.

మాది చిన్న వీధి నాటక బృందం. ఇద్దరు టీచర్లు, ఒక ఆటో డ్రైవరు, ఒక నర్సు, టైలరింగ్ చేసే అక్కచెల్లెళ్లు, నలుగురు కాలేజీ పిల్లలు, డప్పు కొట్టే పెద్దాయన, ఆ తర్వాత నేను. మాకు స్టేజీ లేదు, మైకు వాడం, తెర కట్టం. ఆదివారం పొద్దున నాలుగు కూడళ్లలో పావుగంట చొప్పున ఆడే ఆట ఒకటి కట్టుకున్నాం. కోఠీలో మొదలై, సుల్తాన్‌బజార్, ఆబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీలో ముగుస్తుంది. ఈ దారిలో పేర్లు ఎలా పుట్టాయి, ఎలా మారాయి, ఎవరి కథలు ఆ పేర్ల కింద ఉండిపోయాయి అన్నదే మా ఆట.

ఇందులో సూత్రధారి బోర్డులు రాసే పెయింటర్. భుజాన నిచ్చెన, చేతిలో రంగు డబ్బా. ప్రతి కూడలిలో నిచ్చెన వేసి పాత పేరు చెరిపేస్తుంటాడు. చెరుపుతుండగా జనంలోంచి ఒకరు లేచి "ఆగన్నా, గా పేరు నాది" అంటారు. అక్కడి నుంచి కథ నడుస్తుంది.

కోఠీలో లేచేది తుర్రేబాజ్ ఖాన్. 1857 జులై 17న మౌల్వీ అలాఉద్దీన్‌తో కలిసి రొహిల్లా పఠాన్లను వెంటబెట్టుకుని, నిజాం దగ్గర బ్రిటిష్‌వాళ్ల ప్రతినిధిగా ఉండే రెసిడెంటు కాపురమైన రెసిడెన్సీ మీదికి వెళ్లిన మనిషి. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రేబాజ్ ఖాన్‌కూ ద్వీపాంతరమే పడింది కానీ జైలు నుంచి తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ఆయన్ని చంపి, శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. ఎవరైనా ఎగిరెగిరి పడితే "వాడేమన్నా పెద్ద తుర్రుంఖానా" అని మనం ఇప్పటికీ అంటాం. ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందని నగరంలో పెద్దలు చెబుతారు. ఎంత ధైర్యం చూపిన మనిషి పేరు, ఎగతాళి మాటగా మిగిలిపోయింది! కోఠీ దగ్గర ఒక రోడ్డుకు ఆయన పేరు ఉంది. ఆ రోడ్డు మీద ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్న ఒకాయన్ని అడిగితే "ఎవరో ఖాన్ సాబ్, జాగ ఇచ్చిండేమో" అన్నారు. తప్పు ఆయనది కాదు. బోర్డు మీద పేరు తప్ప ఒక్క ముక్క ఎక్కువ రాసి లేదు.

అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే సుల్తాన్‌బజార్. దీన్ని ఒకప్పుడు రెసిడెన్సీ బజారు అనేవారు. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఈ బజారు మాత్రం రెసిడెంటు చేతి కింద. 1933లో తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చింది. చీరలు కొనడానికి వచ్చేవాళ్లకు ఇదంతా ఎందుకు అని ఒక అధికారి మమ్మల్ని అడిగారు. ఎందుకో చెబుతాను. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ రెసిడెన్సీ బజారు ప్రాంతంలోనే పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు, తెలుగు సభకు నూరు అడ్డంకులున్న కాలంలో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ఇక్కడ తెలుగు పుస్తకానికి ఒక గూడు కట్టారు. రెసిడెంటు హద్దుల్లో ఆంక్షల పట్టు కాస్త సడలి ఉండటం అందుకు కలిసొచ్చింది. అంటే "రెసిడెన్సీ బజారు" అన్న పాత పేరు తెలియకపోతే, తెలుగు గ్రంథాలయం ఈ వీధిలోనే ఎందుకు మొదలైందో అర్థం కాదు.

దగ్గర్లోనే వివేకవర్ధని విద్యాలయం. 1921 నవంబర్‌లో అక్కడ జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఈలలు వేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం, ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఈ ఘట్టం ఆడేటప్పుడు మా టీచరమ్మ తెలుగులో ఒక్క వాక్యం మొదలుపెడుతుంది, మిగతావాళ్లం ఈలలతో ఆపేస్తాం. రిహార్సల్‌లో ప్రతిసారీ ఆమె గొంతు నిజంగానే పూడుకుపోతుంది.

ఆబిడ్స్ అంటే ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ పెట్టిన దుకాణం. దుకాణం పోయింది, పేరు మిగిలింది. గన్‌ఫౌండ్రీ అంటే ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యానికి ఫిరంగులు పోయించిన కార్ఖానా, తోప్‌కా సాంచా. మలక్‌పేట దాటాక మెట్రో ఆగే మూసారాంబాగ్ కూడా ఆ రేమండ్ పేరే. ఆయన్ని ముసల్మానులు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. 1798లో చనిపోయిన ఒక పరాయి దేశపు సైనికుణ్ణి ఈ ఊరి రెండు మతాలవాళ్లూ తలా ఒక పేరుతో తమవాణ్ణి చేసుకున్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. ఈ ఒక్క పేరు చాలదా, మన పిల్లలకు ఈ నగరం ఎలాంటిదో చెప్పడానికి?

ఇదీ మా ఆట. ఇందులో ఏ పార్టీనీ తిట్టలేదు, ఏ మతాన్నీ తక్కువ చేయలేదు. స్క్రిప్టు మూడు కాపీలు అర్జీలకు జతచేశాం.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. మొదటి కార్యాలయం ట్రాఫిక్‌కు అడ్డం రాదని ఇంకో చోట రాయించుకు రమ్మంది. రెండో చోట "ముందు వాళ్లిస్తే మేమిస్తాం" అన్నారు. మూడో చోట అర్జీ కనపడటం లేదన్నారు, మళ్లీ ఇచ్చాం. జులై 17న కోఠీలో మొదటి ఆట వేయాలనుకున్న రోజు అలాగే దాటిపోయింది. చివరికి ఒక హాలు అద్దెకు తీసుకుని ఆడుకోండని సలహా ఇచ్చారు. ఆడాం. ముప్పై రెండు మంది వచ్చారు, అందరూ మా చుట్టాలూ స్నేహితులే. సుల్తాన్‌బజార్ ఫుట్‌పాత్ మీద రవికె గుడ్డలు అమ్మే ఆవిడ బేరం వదిలి హాలుకు రాలేదు. ఆ ఆట ఆవిడ కోసం రాసుకున్నది.

నేను ఎవరి మీదా కోపంతో ఇది రాయడం లేదు. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లలో కొందరు స్క్రిప్టు చదివి, "మా నాయన కూడా గిదే చెప్పేటోడు" అని నాతో పది నిమిషాలు మాట్లాడారు. అయినా సంతకం పడలేదు. ఊరేగింపులకూ బహిరంగ సభలకూ ఈ నగరంలో అనుమతులు నేటికీ 1348 ఫసలీ నాటి పోలీసు చట్టం నీడలోనే నడుస్తున్నాయి. ఫసలీ అంటే నిజాం పాలనలో వాడిన సంవత్సరాల లెక్క; 1348 ఫసలీ అంటే 1939 ప్రాంతం. నాటకాలను అణచడానికి 1876లో తెల్లవాళ్లు తెచ్చిన చట్టాన్ని కేంద్రం కొన్నేళ్ల కిందటే పుస్తకాల్లోంచి తీసేసింది. పావుగంట వీధి నాటకాన్ని వెయ్యి మంది సభతో సమానంగా చూసే అలవాటు మాత్రం అలాగే ఉంది.

ఇక పేర్ల సంగతి. పేరు మార్చడమే తప్పని మేం అనడం లేదు. కాలం మారితే పేర్లూ మారతాయి. ఒకప్పుడు రెసిడెంటు కాపురమున్న కోఠీ భవనంలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు మా బృందంలోని ఆడవాళ్లు ఎంతో సంతోషించారు. సికింద్రాబాద్‌లో జేమ్స్ స్ట్రీట్ ఎం.జి. (మహాత్మా గాంధీ) రోడ్డయింది, కింగ్స్‌వే ఆర్.పి. (రాష్ట్రపతి) రోడ్డయింది, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ సరోజినీదేవి రోడ్డయింది. స్వతంత్రం వచ్చిన దేశంలో అది న్యాయమే. మా బాధల్లా కొత్త పేరు వచ్చిన రోజున పాత పేరు ఎక్కడా రాసి ఉండకపోవడం గురించి. జేమ్స్ స్ట్రీట్ పేరు లోకల్ రైలు స్టేషను బోర్డు మీద ఇంకా మిగిలి ఉంది. స్టేషను దిగినవాళ్లు ఆ వీధి ఏదని అడిగితే చెప్పడానికి ఏ మూలనా బోర్డు లేదు.

ఇందువల్ల మామూలు జనానికి ఏం నష్టమని మీరు అడగవచ్చు. మేం వీధుల్లో తిరిగి చూసింది ఇదీ:

1. చిరునామాల చిక్కు. మా ఎదురింటి అవ్వకు డెబ్బై ఆరేళ్లు. ఆమె ఇంటి కాగితాల్లో గల్లీ పాత పేరు, ఆధార్‌లో కాలనీ పేరు, ఇంటి పన్ను రసీదులో మూడో పేరు. భర్త పోయాక పింఛను కోసం వెళ్తే మూడూ ఒకే ఇల్లని నిరూపించుకోమన్నారు. నిరూపించడానికి ఏ కార్యాలయంలోనూ పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసిన జాబితా దొరకలేదు. ఇద్దరు సాక్షులను, ఒక నోటరీని పట్టుకుని నాలుగు నెలలు తిరిగింది. ఆ నాలుగు నెలలూ ఆమెకు మందులు కొన్నది పక్కింటివాళ్లు. చదువుకున్న కొడుకులున్న ఇంట్లో ఇది చిన్న తలనొప్పి. ఒంటరి ముసలమ్మకు తిండి, మందు.

2. అత్యవసరంలో ఆలస్యం. ఫోన్ చేసే ముసలాయన నోట పాత పేరే వస్తుంది. అంబులెన్సు డ్రైవరు ఫోన్‌లో కొత్త పేరే ఉంటుంది. మా బృందంలో ఆటో నడిపే తమ్ముడు చెప్పేది ఇదే: "అన్నా, సవారీ ఒక పేరు చెప్తది, మ్యాపు ఒక పేరు చెప్తది, బోర్డు అసల్ ఉండనే ఉండది."

3. కష్టజీవుల పేర్లే ముందు పోతున్నాయి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నవాబుల పేర్లకు దేవిడీలున్నాయి (పెద్ద భవంతులు), సమాధులున్నాయి, పుస్తకాలున్నాయి. కుమ్మరిగూడకు, గౌలిగూడకు, రెజిమెంటల్ బజారుకు ఆ పేరు తప్ప వేరే శాసనం లేదు. ఇక్కడ కుండలు చేశారు, ఇక్కడ పాడి పశువులు కట్టేశారు, ఇక్కడ పల్టన్ సిపాయిలకు సరుకులు అమ్మారు అని చెప్పేది ఆ పేరొక్కటే. సికింద్రాబాద్ బోనాలను లష్కర్ బోనాలు అంటాం. లష్కర్ అంటే దండు, సైన్యం. ఆ లష్కర్ అనే మాట లేకపోతే ఉజ్జయిని మహంకాళమ్మ గుడికీ, దండులో పనిచేసిన సురిటి అప్పయ్యకూ ఉన్న సంబంధం ఎలా గుర్తుంటుంది? కలరా నుంచి జనాన్ని కాపాడమని ఉజ్జయినిలో మొక్కుకుని, 1815లో ఇక్కడ అమ్మవారిని నిలబెట్టినవాడు ఆయన. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ కూడా అంతే, నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల బ్యారక్సే జనం నోట బార్కస్ అయింది.

ఏసీ గార్డ్స్‌లో ఒక ఇంటి ముంగిట, ఎవరి అనుమతీ అక్కర్లేని స్థలంలో, మా ఆటలో ఒక ముక్క ఆడాం. ముందు పిల్లలను అడిగాం, మీ బస్తీకి ఆ పేరెందుకొచ్చిందని. "ఏసీ మిషన్లు రిపేరు చేసేటోళ్లు ఉండేటోళ్లేమో" అన్నాడు ఒక బాబు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని చెప్పాం. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా జాతి గుర్రపు దళం వాళ్లు. మా డప్పు పెద్దాయన మర్ఫా దరువు మొదలుపెట్టగానే ఎదురింట్లోంచి ఒక పెద్దమనిషి బయటికొచ్చి, "గది మా తాతల దరువు, గట్ల కాదు, ఇట్ల కొట్టాలె" అని కర్ర తీసుకున్నారు. హైదరాబాద్ పెళ్లి బరాత్‌లలో అందరం చిందేసే మర్ఫా అది. "ఏసీ మిషన్లు" అన్న ఆ బాబు కర్ర పట్టిన ఆ పెద్దమనిషికి మనవడే. ఒకే ఇంట్లో తాతకూ మనవడికీ మధ్య తెగిపోయిన తాడు అది. బోర్డు మీద పూర్తి పేరు రాసి ఉంటే తెగేది కాదు.

4. మా బోటి కళాకారులు. కూలి నాలి చేసుకుంటూ ఆదివారం కోసం బతికేవాళ్లం. వాయిదా పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు తగ్గిపోతున్నారు. బుర్రకథ, వీధి భాగవతం, ప్రజానాట్యమండలి ఆటలు పెరిగింది తెలుగు వీధుల్లో. ఆ వీధిలోనే మాకు చోటు లేకపోతే పిల్లలకు నేర్పించడానికి మొహం చెల్లడం లేదు.

మా విన్నపాలు ఇవి. ఒక్కటీ కోట్ల ఖర్చుతో కూడినది కాదు.

1. పేరు మార్చిన ప్రతి వీధి బోర్డు మీద, కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో "పాత పేరు" అని రాయించండి. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. పొడి అక్షరాల పేర్లను విప్పి రాయించండి. ఏసీ గార్డ్స్‌తో మొదలుపెట్టండి.

2. పాత, కొత్త పేర్ల జాబితా ఒకటి అధికారికంగా తయారు చేసి వార్డు కార్యాలయాల్లో, మీ సేవ కేంద్రాల్లో ఉంచండి. పింఛను, రేషన్, రిజిస్ట్రేషన్ పనుల్లో ఆ జాబితానే రుజువుగా ఒప్పుకోమని ఉత్తర్వు ఇవ్వండి. సాక్షుల కోసం, నోటరీ కోసం అవ్వలను తిప్పకండి.

3. ఏ వీధి పేరైనా మార్చే ముందు ఆ వీధిలోనే, సెలవు రోజున, అక్కడివాళ్లను పిలిచి అడగండి. పత్రికలో చిన్న ప్రకటన వేసి అభ్యంతరాలు రాలేదనుకోవడం చాలదు. ఫుట్‌పాత్ వ్యాపారులకు, అద్దెకున్నవాళ్లకు కూడా ఆ సభలో మాట్లాడే హక్కు ఉండాలి. వీధి సొంత ఇళ్లున్నవాళ్లది మాత్రమే కాదు.

4. యాభై మందికి మించని జనంతో, మైకు లేకుండా, అరగంట లోపు జరిగే వీధి నాటకానికి ఒకే చోట, ఒకే కాగితంతో అనుమతి ఇవ్వండి. వారం రోజుల్లో అవునో కాదో రాతలో చెప్పండి. కాదంటే కారణం రాయండి. కారణం తెలిస్తే సరిదిద్దుకుంటాం. వేళ మార్చమంటే మారుస్తాం, కూడలి నుంచి పక్క సందులోకి జరగమంటే జరుగుతాం. జవాబే రాని అర్జీతో మాత్రం ఏమీ చేయలేం.

5. సుల్తాన్‌బజార్, మూసారాంబాగ్ మెట్రో స్టేషన్లలో ఆ పేరు కథ చెప్పే బోర్డు ఒక్కొక్కటి పెట్టించండి. రాసిచ్చే పని మేం ఊరికే చేస్తాం. చరిత్ర చదివినవాళ్లతో సరిచూపించి మరీ ఇస్తాం.

హైదరాబాద్ పౌరులకూ ఒక మాట. మీ గల్లీ పాత పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. వాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. పాత రసీదు, పెళ్లి శుభలేఖ, పోస్టు కార్డు దొరికితే పారేయకండి. రెండో విన్నపంలో అడిగిన జాబితాకు అవే ఆధారాలవుతాయి. మీ వార్డు ప్రతినిధిని ఈ అయిదు విన్నపాల గురించి అడగండి.

అధికారులకు మళ్లీ చెబుతున్నాను. కొత్త అర్జీ ఈ లేఖతో పాటే నాలుగోసారి పంపుతున్నాం. వచ్చే జులై 17న, ఉదయం ఏడు గంటలకు, కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరున్న రోడ్డు దగ్గర ఆడటానికి అనుమతి అడుగుతున్నాం. జూన్ నెలాఖరులోగా జవాబు ఇప్పించండి. ప్రతి ఆదివారం పొద్దున రిహార్సల్ ఉంటుంది. అనుమానం ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి మొత్తం ఆట చూసి, అభ్యంతరమైన మాట ఒక్కటున్నా అక్కడే చెప్పండి. పెయింటర్ వేషం వేసే కుర్రాడు నిచ్చెనను ఇంట్లోనే దాచి ఉంచాడు, రంగు డబ్బా ఎండిపోతే మళ్లీ కొన్నాడు.

ఇట్లు,
భవదీయుడు,
హైదరాబాద్ వీధి నాటక కళాకారుడు, బృందం తరఫున